గేరు పళ్లలో స్ట్రెస్ లెక్కించడం ఎలా: స్పర్ గేర్లకు మొదటి నుంచి చివరి దాకా

గేరు పన్ను ముఖ్యంగా రెండు రకాలుగా పాడవుతుంది. మొదలు దగ్గర పగులు పుట్టి విరిగిపోతుంది, లేదా పంటి ముఖం మీద చిన్న చిన్న గుంటలు పడి క్రమంగా చెడిపోతుంది. విరగడానికి కారణం బెండింగ్ స్ట్రెస్. గుంటలు పడటానికి, అంటే పిట్టింగ్‌కు, కారణం కాంటాక్ట్ స్ట్రెస్.

ఈ లెక్క ఎలా చేయాలని అడిగేవాళ్లలో చాలామంది బెండింగ్ వరకు చేసి, సేఫ్టీ ఫ్యాక్టర్ (తట్టుకోగల స్ట్రెస్‌ను నిజంగా వచ్చే స్ట్రెస్‌తో భాగించిన అంకె) బాగానే వచ్చిందని ఆగిపోతారు. మామూలు కాఠిన్యం ఉన్న స్టీలు గేర్లలో సైజును నిర్ణయించేది ఎక్కువసార్లు కాంటాక్ట్ స్ట్రెస్సే. అందుకే ఇక్కడ ఒకే ఉదాహరణ తీసుకుని రెండు లెక్కలూ చేద్దాం. మొదటి ప్రయత్నంలో ఆ డిజైన్ ఫెయిల్ అవుతుంది. దాన్ని సరిచేసే దాకా వెళ్దాం.

ఉదాహరణ: 7.5 కిలోవాట్ల ఎలక్ట్రిక్ మోటారు, 1440 ఆర్‌పీఎం. వేగాన్ని మూడో వంతుకు తగ్గించాలి. ఒక పినియన్ (జతలో చిన్న గేరు), ఒక గేరు. రెండూ 20 డిగ్రీల ప్రెషర్ యాంగిల్ (పళ్లు ఒకదాన్నొకటి నెట్టే దిశ వంపు) ఉన్న ఫుల్ డెప్త్ (పూర్తి ఎత్తు పళ్ల) స్పర్ గేర్లు, అంటే పళ్లు షాఫ్టుకు సమాంతరంగా ఉండేవి; హాబింగ్‌తో, అంటే హాబ్ అనే తిరిగే కట్టరుతో, కోసిన స్టీలు పళ్లు.

## 1. లెక్క మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవలసినవి

సూత్రాలు ఎవరికైనా దొరుకుతాయి. లెక్క తప్పేది ఎక్కువగా ఇన్‌పుట్ దగ్గరే. ఈ వివరాలన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాకే కాలిక్యులేటర్ ముట్టుకోండి.

- పినియన్ షాఫ్టు దగ్గర నిజంగా ఉండే పవర్, ఆర్‌పీఎం. మోటారుకూ పినియన్‌కూ మధ్య బెల్టు ఉంటే వేగం మారుతుంది.
- లోడ్ స్వభావం: నిలకడైనదా, కుదుపులతో వచ్చేదా.
- మొత్తం ఎన్ని గంటలు నడవాలి.
- మాడ్యూల్ (పంటి సైజు చెప్పే కొలత: పిచ్ వ్యాసం ÷ పళ్ల సంఖ్య), పళ్ల సంఖ్య, ఫేస్ విడ్త్ (షాఫ్టు వెంబడి పంటి వెడల్పు), ప్రెషర్ యాంగిల్.
- పళ్లను ఎలా కోస్తారు, ఏ క్వాలిటీ గ్రేడు వస్తుంది.
- రెండు గేర్ల మెటీరియల్, బ్రినెల్ కాఠిన్యం (లోహం గట్టితనాన్ని చెప్పే అంకె).
- షాఫ్టు వ్యాసం, కీవే కొలతలు.
- గేరు రెండు బేరింగుల మధ్య ఉందా, బయటికి వేలాడుతూ ఉందా.

మన ఉదాహరణకు మొదటి ఎంపిక ఇలా అనుకుందాం: మాడ్యూల్ 3 మి.మీ., పినియన్‌కు 21 పళ్లు, గేరుకు 63 పళ్లు, ఫేస్ విడ్త్ 30 మి.మీ., పినియన్ కాఠిన్యం 250 బ్రినెల్.

పళ్ల సంఖ్యను ఊరికే తీసుకోలేదు. 20 డిగ్రీల ఫుల్ డెప్త్ గేరుకు ప్రొఫైల్ షిఫ్ట్ (కోసేటప్పుడు కట్టరును కాస్త బయటికో లోపలికో జరపడం) లేకుండా 17 కన్నా తక్కువ పళ్లు పెడితే అండర్‌కట్, అంటే కట్టరు పంటి అడుగును లోపలికి తొలిచేయడం, మొదలై పంటి మొదలు సన్నబడుతుంది. 21 దగ్గర ఆ భయం లేదు. ఫేస్ విడ్త్‌ను మామూలుగా మాడ్యూల్‌కు 8 నుంచి 12 రెట్ల మధ్య తీసుకుంటారు. 30 మి.మీ. అంటే 10 రెట్లు.

## 2. పంటి మీద పడే బలం

పిచ్ సర్కిల్ అంటే రెండు గేర్లూ జారకుండా ఒకదాని మీద ఒకటి దొర్లుతున్నట్టు ఊహించే వృత్తం. పిచ్ సర్కిల్ వ్యాసం = మాడ్యూల్ × పళ్ల సంఖ్య. పినియన్‌కు 63 మి.మీ., గేరుకు 189 మి.మీ. రెండు షాఫ్టుల మధ్య దూరం 126 మి.మీ.

టార్క్ (న్యూటన్ మీటర్లు) = 9550 × కిలోవాట్లు ÷ ఆర్‌పీఎం
= 9550 × 7.5 ÷ 1440 = 49.74

టాన్జెన్షియల్ లోడ్ = 2 × టార్క్ ÷ పిచ్ వ్యాసం
= 2 × 49740 ÷ 63 = 1579 న్యూటన్లు

ఇక్కడ టార్క్‌ను న్యూటన్ మిల్లీమీటర్లలోకి మార్చాం, గమనించండి. టార్క్ మీటర్లలో, వ్యాసం మిల్లీమీటర్లలో ఉంచితే జవాబు వెయ్యి రెట్లు తేడా వస్తుంది.

పిచ్ లైన్ వేగం = π × వ్యాసం × ఆర్‌పీఎం ÷ 60000
= π × 63 × 1440 ÷ 60000 = సెకనుకు 4.75 మీటర్లు

వెంటనే సరిచూసుకోండి: బలం × వేగం = 1579 × 4.75, సుమారు 7500 వాట్లు. మోటారు పవర్ తిరిగి వచ్చింది కాబట్టి ఇంతవరకు యూనిట్లు సరిగ్గా ఉన్నాయి. అర నిమిషం పట్టే ఈ పని ఎప్పుడూ మానవద్దు.

రేడియల్ లోడ్ = 1579 × టాన్ 20° = 575 న్యూటన్లు. పంటి స్ట్రెస్ లెక్కలో దీన్ని విడిగా కలపం. షాఫ్టుకూ బేరింగులకూ మాత్రం కావాలి, రాసి పెట్టుకోండి.

## 3. లూయిస్ సూత్రంతో తొలి అంచనా

పంటిని గేరు అంచు నుంచి బయటికి పొడుచుకొచ్చిన కాంటిలీవర్ బీమ్‌గా ఊహించి చేసే లెక్క ఇది.

బెండింగ్ స్ట్రెస్ = టాన్జెన్షియల్ లోడ్ ÷ (ఫేస్ విడ్త్ × మాడ్యూల్ × లూయిస్ ఫారమ్ ఫ్యాక్టర్)

లూయిస్ ఫారమ్ ఫ్యాక్టర్ పంటి ఆకారాన్ని లెక్కలోకి తెచ్చే అంకె. 20 డిగ్రీల ఫుల్ డెప్త్ పళ్లకు లూయిస్ ఫ్యాక్టర్లు కొన్ని:

- 17 పళ్లు: 0.303
- 18 పళ్లు: 0.309
- 20 పళ్లు: 0.322
- 21 పళ్లు: 0.328
- 24 పళ్లు: 0.337
- 30 పళ్లు: 0.359
- 50 పళ్లు: 0.409
- 60 పళ్లు: 0.422
- 75 పళ్లు: 0.435
- 100 పళ్లు: 0.447

పినియన్‌కు: 1579 ÷ (30 × 3 × 0.328) = 53.5 మెగాపాస్కల్.

హాబింగ్ చేసిన పళ్లకు వేగం ప్రభావాన్ని (3.56 + √వేగం) ÷ 3.56 తో కలుపుతారు. మన వేగానికి అది 1.61. అప్పుడు స్ట్రెస్ 86 మెగాపాస్కల్ అవుతుంది.

మాడ్యూల్ దరిదాపుల్లో ఉందో లేదో చూడటానికి లూయిస్ సూత్రం చక్కగా పనికొస్తుంది. కానీ ఫిల్లెట్ (పంటి మొదట్లో ఉండే గుండ్రటి మూల) దగ్గర స్ట్రెస్ కేంద్రీకరణ ఇందులో లేదు, షాఫ్టు వంగితే లోడ్ ఒక పక్కకు జరిగే సంగతి లేదు, పిట్టింగ్ ఊసే లేదు. దీనితో డ్రాయింగ్ విడుదల చేయకండి.

## 4. ఫ్యాక్టర్లను ఒక్కొక్కటిగా ఎంచుకోవడం

ఇక్కడి నుంచి ఆగ్మా (అమెరికా గేరు తయారీదారుల సంఘం) పద్ధతిలో వెళ్తున్నాం. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6336 కూడా అంతే ప్రామాణికం. ఏది తీసుకున్నా మొదటి నుంచి చివరి దాకా అదే పట్టుకోండి. ఒక దాంట్లోంచి జ్యామితి ఫ్యాక్టర్, ఇంకో దాంట్లోంచి అనుమతించే స్ట్రెస్ తీసుకుంటే వచ్చే జవాబుకు అర్థం ఉండదు, ఎందుకంటే ఆ రెండు విలువలూ ఒకదానికొకటి జతగా తయారైనవి.

ఓవర్‌లోడ్ ఫ్యాక్టర్. ఎలక్ట్రిక్ మోటారులా నిలకడగా తిప్పేది ఉంటే: నడిచే యంత్రం కూడా నిలకడైనదైతే 1.0, మధ్యస్థ కుదుపులైతే 1.25, భారీ కుదుపులైతే 1.75. తిప్పేదే కుదుపులతో ఉంటే ఇంకా పెరుగుతుంది. ఉదాహరణలో మధ్యస్థ కుదుపులు అనుకుని 1.25 తీసుకుందాం. దీన్ని తగ్గించి రాసుకుంటే మిగతా లెక్క ఎంత శ్రద్ధగా చేసినా ఫలితం లేదు. యంత్రాన్ని నడిపేవాళ్లను అడిగి ఈ విలువ వేయండి.

డైనమిక్ ఫ్యాక్టర్. పళ్ల తయారీలో ఉండే చిన్న లోపాల వల్ల వేగం పెరిగేకొద్దీ లోడ్ పెరుగుతుంది. పాత ఆగ్మా క్వాలిటీ గ్రేడుతో లెక్క ఇలా:

బి = 0.25 × (12 − గ్రేడు)^(2/3)
ఏ = 50 + 56 × (1 − బి)
డైనమిక్ ఫ్యాక్టర్ = [(ఏ + √(200 × వేగం)) ÷ ఏ]^బి

గ్రేడు 7 అనుకుంటే బి = 0.731, ఏ = 65.06, ఫ్యాక్టర్ 1.33.

ఇక్కడ రెండు గోతులున్నాయి. పాత ఆగ్మా గ్రేడులో అంకె పెరిగితే గేరు మెరుగు. ఐఎస్ఓ గ్రేడులో అంకె తగ్గితే మెరుగు. డ్రాయింగు మీద ఉన్న 7 ఏ పద్ధతిదో తెలుసుకోకుండా సూత్రంలో వేయకండి. రెండోది, కొన్ని పాత పుస్తకాల్లో ఈ ఫ్యాక్టర్ ఒకటి కన్నా తక్కువగా ఉండి హారంలో ఉంటుంది. ఇప్పటి రూపంలో ఒకటి కన్నా ఎక్కువగా ఉండి లవంలో ఉంటుంది. రెండూ కలిసిపోతే వేగం పెరిగేకొద్దీ స్ట్రెస్ తగ్గుతున్నట్టు కనిపిస్తుంది. అలా కనిపించిందంటే తప్పు ఇక్కడే ఉంది.

లోడ్ పంపిణీ ఫ్యాక్టర్. షాఫ్టు వంగినా, బేరింగు సీట్లు ఒకే వరుసలో లేకపోయినా లోడ్ పంటి వెడల్పంతా సమంగా పడదు, ఒక చివరకు చేరుతుంది. 50 మి.మీ. లోపు ఫేస్ విడ్త్‌కు తొలి డిజైన్‌లో ఈ విలువలు వాడవచ్చు:

- గట్టి హౌసింగు, ఖచ్చితమైన గేర్లు, తక్కువ బేరింగు క్లియరెన్సు: 1.3
- అంత గట్టిగా లేని అమరిక, వెడల్పంతా కాంటాక్ట్ ఉంటే: 1.6
- వెడల్పంతా కాంటాక్ట్ రాకపోతే: 2.2 పైనే

పినియన్ రెండు బేరింగుల మధ్య ఉందని 1.3 తీసుకుందాం. ఇదే పినియన్ షాఫ్టు చివర వేలాడుతుంటే ఈ 1.3 నాకు సమ్మతం కాదు, 1.6తో మొదలుపెడతాను. కాగితం మీద సరిపోయిన గేర్లు పని మీద చెడిపోవడానికి అలైన్‌మెంట్‌ను తేలిగ్గా తీసుకోవడం పెద్ద కారణం.

సైజు ఫ్యాక్టర్. ఈ మాడ్యూల్‌కు 1.0 చాలు.

రిమ్ మందం ఫ్యాక్టర్. పంటి కింద ఉన్న లోహం పలచగా ఉంటే పన్ను విరగడానికి బదులు రిమ్మే పగులుతుంది. పంటి కింద మందాన్ని పంటి మొత్తం ఎత్తుతో భాగించండి. 1.2 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే ఫ్యాక్టర్ 1.0. తక్కువ వస్తే 1.6 × సహజ లాగరిథమ్ (2.242 ÷ ఆ నిష్పత్తి).

మన పినియన్‌లో రూట్ వ్యాసం 63 − 7.5 = 55.5 మి.మీ. బోరు 30 మి.మీ., హబ్‌లో కీవే లోతు 3.3 మి.మీ. అనుకుంటే, పంటి కింద మిగిలేది 27.75 − 15 − 3.3 = 9.45 మి.మీ. పంటి ఎత్తు 2.25 × 3 = 6.75 మి.మీ. నిష్పత్తి 1.4, సరిపోయింది.

అదే బోరును 35 మి.మీ. చేస్తే మిగిలేది 6.95 మి.మీ., నిష్పత్తి 1.03, ఫ్యాక్టర్ 1.24. అంటే షాఫ్టు కాస్త లావు చేసినందుకు బెండింగ్ స్ట్రెస్ దాదాపు నాలుగో వంతు పెరిగింది. మందాన్ని ఎప్పుడూ బోరు అంచు నుంచి కాకుండా కీవే అడుగు నుంచి కొలవండి.

## 5. బెండింగ్ స్ట్రెస్

బెండింగ్ స్ట్రెస్ = (టాన్జెన్షియల్ లోడ్ × ఓవర్‌లోడ్ × డైనమిక్ × సైజు × లోడ్ పంపిణీ × రిమ్) ÷ (ఫేస్ విడ్త్ × మాడ్యూల్ × జె)

జె అనేది బెండింగ్ జ్యామితి ఫ్యాక్టర్. పంటి ఆకారం, ఫిల్లెట్ దగ్గర స్ట్రెస్ కేంద్రీకరణ, జతలో ఉన్న రెండో గేరు పళ్ల సంఖ్య, అన్నీ ఇందులోనే ఉంటాయి. చార్టు నుంచి మన జతకు పినియన్ జె సుమారు 0.34, గేరు జె సుమారు 0.41.

పినియన్: (1579 × 1.25 × 1.33 × 1.3) ÷ (30 × 3 × 0.34) = 111.5 మెగాపాస్కల్
గేరు: అదే లవం, జె 0.41 తో = 92.5 మెగాపాస్కల్

జె ఉన్న చోట లూయిస్ ఫ్యాక్టర్ మళ్లీ వాడకూడదు, స్ట్రెస్ కేంద్రీకరణను విడిగా గుణించకూడదు. అలా చేస్తే ఒకే ప్రభావాన్ని రెండుసార్లు లెక్కపెట్టినట్టే. చార్టు చూసేటప్పుడు ఇంకో జాగ్రత్త: లోడ్ పంటి కొన మీద ఉన్నప్పటి విలువలు వేరు, ఒకే జత పళ్లు మోసే అత్యున్నత బిందువు దగ్గర ఉన్నప్పటి విలువలు వేరు. ఖచ్చితంగా కోసిన పళ్లకు రెండోది. పళ్లు లోడ్ పంచుకుంటాయన్న నమ్మకం లేని నాసిరకం గేరుకు మొదటిది.

## 6. కాంటాక్ట్ స్ట్రెస్

రెండు పళ్లు ఒకదాన్నొకటి ఒత్తుకునే సన్నటి గీత మీద పుట్టే స్ట్రెస్ ఇది. ముందు జ్యామితి ఫ్యాక్టర్ ఐ కావాలి. బయటి పళ్లున్న స్పర్ గేర్లకు:

ఐ = (కాస్ 20° × సైన్ 20° ÷ 2) × నిష్పత్తి ÷ (నిష్పత్తి + 1)
= 0.1607 × 3 ÷ 4 = 0.1205

కాంటాక్ట్ స్ట్రెస్ = 191 × √[(టాన్జెన్షియల్ లోడ్ × ఓవర్‌లోడ్ × డైనమిక్ × సైజు × లోడ్ పంపిణీ) ÷ (పినియన్ వ్యాసం × ఫేస్ విడ్త్ × ఐ)]

191 అన్నది రెండూ స్టీలే అయినప్పటి ఎలాస్టిక్ గుణకం. ఒకటి క్యాస్ట్ ఐరనో, కంచో అయితే విలువ మారుతుంది.

లవం: 1579 × 1.25 × 1.33 × 1.3 = 3413
హారం: 63 × 30 × 0.1205 = 227.7
స్ట్రెస్ = 191 × √14.99 = 739 మెగాపాస్కల్

ఈ స్ట్రెస్ పినియన్‌కూ గేరుకూ ఒక్కటే, ఎందుకంటే కాంటాక్ట్ ఇద్దరిదీ. తట్టుకునే శక్తి మాత్రం వేరు. అలాగే ఇక్కడ వ్యాసం ఎప్పుడూ పినియన్‌దే. గేరు వ్యాసం వేస్తే జవాబు హాయిగా తక్కువ వస్తుంది, తప్పుగా.

739ని బెండింగ్‌లో వచ్చిన 111తో పోల్చి కంగారు పడవద్దు. ఉపరితలం కింద నలువైపుల నుంచీ ఒత్తిడిలో ఉన్న లోహం ఇంత పెద్ద విలువలను మోయగలదు. పోల్చవలసింది దాని సొంత హద్దుతో.

## 7. మెటీరియల్ ఎంత తట్టుకుంటుంది

మొత్తం మందం హార్డెన్ చేసిన గ్రేడ్ 1 (ఆగ్మా నాణ్యత తరగతుల్లో మొదటిది) స్టీలుకు, కోటి సైకిల్స్, 99 శాతం విశ్వసనీయత మీద:

అనుమతించే బెండింగ్ స్ట్రెస్ = 0.533 × బ్రినెల్ + 88.3
అనుమతించే కాంటాక్ట్ స్ట్రెస్ = 2.22 × బ్రినెల్ + 200

250 బ్రినెల్ పినియన్‌కు ఇవి 221.6, 755 మెగాపాస్కల్.

ఇప్పుడు ఆయుష్షు. 10,000 గంటలు నడవాలంటే పినియన్ పన్ను ఒక్కొక్కటి 1440 × 60 × 10000 = 86.4 కోట్ల సార్లు లోడ్ తీసుకుంటుంది. గేరు పన్ను దానిలో మూడో వంతు, 28.8 కోట్ల సార్లు. కోటి సైకిల్స్ దాటాక:

బెండింగ్ లైఫ్ ఫ్యాక్టర్ = 1.3558 × సైకిల్స్^(−0.0178)
కాంటాక్ట్ లైఫ్ ఫ్యాక్టర్ = 1.4488 × సైకిల్స్^(−0.023)

పినియన్‌కు 0.94, 0.90. గేరుకు 0.96, 0.93.

99 శాతం విశ్వసనీయత చాలకపోతే అనుమతించే స్ట్రెస్‌ను 99.9 శాతానికి 1.25 తో భాగించండి. నూనె ఉష్ణోగ్రత 120 డిగ్రీల సెల్సియస్ లోపు ఉంటే ఉష్ణోగ్రత ఫ్యాక్టర్ 1.

ఐడ్లర్ గేరుకు, అంటే రెండు గేర్ల మధ్య తిరిగే మధ్యవర్తి గేరుకు, ఒక ప్రత్యేక నియమం ఉంది. దాని పన్ను ఒక తిరుగుడులో రెండు వైపులా వంగుతుంది. అందుకే అనుమతించే బెండింగ్ స్ట్రెస్‌లో 70 శాతమే తీసుకోవాలి. ముందుకూ వెనక్కూ పూర్తి లోడ్‌తో తిరిగే గేర్లకూ అంతే.

## 8. సేఫ్టీ ఫ్యాక్టర్లు: ఇక్కడే డిజైన్ ఫెయిల్ అవుతుంది

పినియన్ బెండింగ్: 221.6 × 0.94 ÷ 111.5 = 1.87
పినియన్ కాంటాక్ట్: 755 × 0.9025 ÷ 739 = 0.92

బెండింగ్ వరకే చూసి ఉంటే 1.87తో డ్రాయింగు విడుదలయ్యేది. పన్ను విరగదు. కానీ అనుకున్న 10,000 గంటలు నిండకముందే ముఖాల మీద గుంటలు పడటం మొదలవుతుందని కాంటాక్ట్ లెక్క చెబుతోంది.

ఈ రెండు అంకెలను నేరుగా పక్కపక్కన పెట్టకండి. బెండింగ్ స్ట్రెస్ లోడ్‌తో సమానంగా పెరుగుతుంది. కాంటాక్ట్ స్ట్రెస్ లోడ్ వర్గమూలంతో పెరుగుతుంది. అందుకే కాంటాక్ట్ సేఫ్టీ ఫ్యాక్టర్‌ను వర్గం చేసి పోల్చాలి: 0.92 వర్గం 0.85. అంటే ఈ గేరు మనం అడిగిన లోడ్‌లో 85 శాతానికే సరిపోతుంది.

## 9. సరిచేసే దారులు, ఏది ఎంత పని చేస్తుంది

మాడ్యూల్ పెంచడం. అందరికీ మొదట తట్టేది ఇదే. వ్యాసాలు అలాగే ఉంచి మాడ్యూల్ పెంచి పళ్లు తగ్గిస్తే బెండింగ్ మెరుగవుతుంది, కాంటాక్ట్ కదలదు. కాంటాక్ట్ సూత్రంలో మాడ్యూలే లేదు, చూడండి. పిట్టింగ్‌కు ఇది మందు కాదు.

వ్యాసం పెంచడం. చాలా బలమైన మార్గం. వ్యాసం పెరిగితే టాన్జెన్షియల్ లోడ్ తగ్గుతుంది, హారమూ పెరుగుతుంది. అందువల్ల కాంటాక్ట్ స్ట్రెస్ దాదాపు వ్యాసానికి విలోమంగా పడిపోతుంది. ఇదే మాడ్యూల్‌తో 24, 72 పళ్లు పెడితే 739 కాస్తా సుమారు 650 దగ్గరికి వస్తుంది. షాఫ్టుల మధ్య దూరం 144 మి.మీ. అవుతుంది, హౌసింగులో చోటుంటేనే కుదురుతుంది.

ఫేస్ విడ్త్ పెంచడం. వర్గమూలం మేరకే ఫలితం. 30 నుంచి 36 మి.మీ.కు పెంచితే స్ట్రెస్ 9 శాతం తగ్గుతుంది. మాడ్యూల్‌కు 12 రెట్లు దాటిస్తే లోడ్ ఒక చివరకు చేరే ప్రమాదం పెరిగి, వచ్చిన లాభం అక్కడే పోతుంది.

కాఠిన్యం పెంచడం. సైజు మారకూడదంటే ఇదే దారి. 250 నుంచి 300 బ్రినెల్‌కు వెళ్తే అనుమతించే కాంటాక్ట్ స్ట్రెస్ 755 నుంచి 866కు పెరుగుతుంది. ఇంకా కావాలంటే కార్బురైజ్ చేసిన (ఉపరితలానికి కార్బన్ ఎక్కించి గట్టిపరిచిన) గ్రేడ్ 1 స్టీలుకు ఆ విలువ సుమారు 1240 మెగాపాస్కల్. కాకపోతే హీట్ ట్రీట్‌మెంట్‌లో పళ్లు వంకరపోతాయి, ఖచ్చితత్వం కావాలంటే తర్వాత గ్రైండింగ్ చేయించాల్సి ఉంటుంది.

షాఫ్టుల దూరం కదపలేం అనుకుందాం. ఫేస్ విడ్త్ 36 మి.మీ., పినియన్ 300 బ్రినెల్, గేరు 270 బ్రినెల్. పినియన్ పన్ను మూడు రెట్లు ఎక్కువసార్లు లోడ్ తీసుకుంటుంది, అందుకే దాన్ని కాస్త గట్టిగా ఉంచాలి.

మళ్లీ లెక్క:

- కాంటాక్ట్ స్ట్రెస్: 675 మెగాపాస్కల్
- పినియన్ కాంటాక్ట్ సేఫ్టీ: 866 × 0.9025 ÷ 675 = 1.16, వర్గం 1.34
- గేరు కాంటాక్ట్ సేఫ్టీ: 799 × 0.926 ÷ 675 = 1.10, వర్గం 1.20
- పినియన్ బెండింగ్ స్ట్రెస్ 93, సేఫ్టీ 2.5
- గేరు బెండింగ్ స్ట్రెస్ 77, సేఫ్టీ 2.9

నాలుగు అంకెల్లో అన్నిటికన్నా తక్కువది 1.20, గేరు కాంటాక్ట్‌ది. ఈ జత సామర్థ్యం అదే. బెండింగ్‌లో ఇంత మిగులు ఉంది కాబట్టి, షాఫ్టుల దూరాన్ని 125 మి.మీ.కు మార్చగలిగితే, మాడ్యూల్ 2.5తో 25, 75 పళ్లు పెట్టే అవకాశమూ ఉంది. అప్పుడు 36 మి.మీ. ఫేస్ విడ్త్ మాడ్యూల్‌కు 14.4 రెట్లు, పైన చెప్పిన 12 దాటుతుంది, కాబట్టి అలైన్‌మెంట్ బాగుండాలి. వ్యాసం దాదాపు అంతే ఉంటుంది, కాంటాక్ట్ దాదాపు మారదు, ఎక్కువ పళ్లు ఒకేసారి కలిసి నడక మృదువవుతుంది. నాకైతే శబ్దం ముఖ్యమైన చోట అదే మెరుగనిపిస్తుంది. కుదుపులు ఎక్కువైన చోట మాడ్యూల్ 3 ఉంచేస్తాను.

## 10. స్టార్టింగ్ లోడ్ విడిగా

పైన చేసినదంతా అలసటకు, అంటే కోట్ల సార్లు పడే లోడ్‌కు. మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడో, యంత్రం బిగుసుకున్నప్పుడో వచ్చే పెద్ద టార్క్ కొద్దిసార్లే వస్తుంది, అయినా ఒక్కసారికే పంటిని వంచేయగలదు. ఆ గరిష్ఠ టార్క్‌తో బెండింగ్ స్ట్రెస్‌ను మళ్లీ కట్టి స్టీలు యీల్డ్ స్ట్రెంగ్త్‌తో (లోహం శాశ్వతంగా వంగిపోవడం మొదలయ్యే స్ట్రెస్‌తో) పోల్చండి. గరిష్ఠ టార్క్ నేరుగా తెలిస్తే ఓవర్‌లోడ్ ఫ్యాక్టర్‌ను దాని మీద మళ్లీ గుణించకండి.

## 11. తరచూ జరిగే తప్పులు, వాటి లక్షణాలు

- జవాబు నమ్మశక్యం కానంత చిన్నది లేదా పెద్దది: టార్క్ యూనిట్లు. బలం × వేగం = పవర్ పరీక్ష చేయండి.
- పినియన్ కన్నా గేరులో బెండింగ్ స్ట్రెస్ ఎక్కువ: జె విలువలు తారుమారయ్యాయి. షిఫ్ట్ లేని మామూలు జతలో తక్కువ పళ్లున్న దానికే తక్కువ జె.
- గేరు షాఫ్టు టార్క్‌ను పినియన్ వ్యాసంతో భాగించడం: బలం మూడు రెట్లు ఎక్కువ వస్తుంది. ఏ షాఫ్టు టార్క్‌ను ఆ షాఫ్టు మీది గేరు వ్యాసంతోనే జత చేయండి.
- గేరు బలహీనమైన మెటీరియల్, అయినా పినియన్‌నే చూసి వదిలేయడం: జె × అనుమతించే స్ట్రెస్ లబ్ధం ఎవరికి తక్కువో వాళ్లే బెండింగ్‌లో ముందు పోతారు. రెండింటికీ కట్టండి.
- ఒకే గేరు రెండు పినియన్లతో కలవడం మరచిపోవడం: తిరుగుడుకు లోడ్ రెండుసార్లు పడుతుంది, సైకిల్స్‌ను రెట్టింపు చేయాలి.
- అన్ని ఫ్యాక్టర్లూ 1.0: ఇలా ఉన్న లెక్క చేతికొస్తే వెనక్కి పంపండి. ప్రతి 1.0 పక్కన కారణం రాసి ఉండాలి.

## 12. కంప్యూటర్‌లో ఫైనైట్ ఎలిమెంట్‌తో సరిచూడటం

ఫైనైట్ ఎలిమెంట్ అంటే పంటిని మెష్ అనే చిన్న చిన్న ముక్కల వలగా విడగొట్టి ఒక్కో ముక్కలో స్ట్రెస్‌ను కంప్యూటర్ లెక్కించే పద్ధతి. చేతి లెక్క అయ్యాకే దీనికి వెళ్లండి. ఎంత రావాలో ముందే తెలిస్తేనే రంగుల బొమ్మలోని తప్పు పట్టుకోగలరు.

1. ఫిల్లెట్‌ను హాబ్ నిజంగా కోసే ఆకారంలో గీయండి. పదునైన మూల వదిలితే మెష్ సన్నబరిచేకొద్దీ స్ట్రెస్ ఆగకుండా పెరుగుతూ పోతుంది.
2. కనీసం మూడు పళ్లు, వాటి కింద తగినంత రిమ్ ఉంచండి. ఒక్క పంటిని కోసి అడుగున బిగిస్తే రిమ్ వంగడం లెక్కలోకి రాదు.
3. బలాన్ని ఒకే జత పళ్లు మోసే అత్యున్నత బిందువు దగ్గర, పంటి ముఖానికి లంబంగా పెట్టండి. ఇక్కడ 1579ని కాస్ 20°తో భాగించగా వచ్చే 1680 న్యూటన్లు వేయాలి.
4. ఫిల్లెట్ దగ్గర మెష్‌ను రెండు మూడు సార్లు సన్నబరిచి, స్ట్రెస్ నిలకడకు వచ్చిందో లేదో చూడండి.
5. బలం తగిలే బిందువు దగ్గర కనిపించే ఎర్రటి మచ్చను పట్టించుకోవద్దు. ఫిల్లెట్‌లో లాగుడు వైపు ఉన్న గరిష్ఠ విలువ చదవండి.

పోల్చేటప్పుడు ఒక సంగతి. మీ మోడల్‌లో కుదుపులూ లేవు, అలైన్‌మెంట్ లోపమూ లేదు. కాబట్టి దాన్ని 93 మెగాపాస్కల్‌తో పోల్చకూడదు. ఫ్యాక్టర్లు తీసేసిన విలువతో, అంటే 1579 ÷ (36 × 3 × 0.34) = 43 మెగాపాస్కల్‌తో పోల్చాలి. దానికి దగ్గరగా వస్తే రెండు లెక్కలూ ఒకదానికొకటి సాక్ష్యం. రెట్టింపో సగమో వస్తే ముందు బలం దిశ, తర్వాత ఫేస్ విడ్త్, ఆ తర్వాత ఫిల్లెట్ వ్యాసార్ధం, ఈ వరుసలో వెతకండి.